ఎంతసేపు ఆగుతుంది? రియల్‌టైమ్ ఓఎస్‌ల సి ఇంటర్‌ఫేస్ చెప్పేదీ, చెప్పనిదీ

సెమాఫోర్ అంటే ఒకే వనరు కోసం పోటీపడే పనులు తీసుకుని, పని అయ్యాక విడిచే టోకెన్ లాంటిది. దాన్ని తీసుకునే ఒక లైను సి కోడ్ ఉందనుకుందాం. ఒక ఫంక్షన్ పేరు, దానికిచ్చే హ్యాండిల్, ఆ పక్కన ఒక సంఖ్య. పని అయిందా లేదా అని చెప్పే ఒక విలువ తిరిగొస్తుంది. మామూలు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్‌లో ఈ లైను కనిపిస్తే చదివేవాళ్లకు ఇంతకుమించి తెలియక్కర్లేదు. అదే లైను ఒక మోటారును తిప్పే కంట్రోలర్‌లో ఉంటే మాత్రం ప్రశ్నలు పుట్టుకొస్తాయి. సెమాఫోర్ దొరక్కపోతే ఇక్కడ ఎంతసేపు ఆగుతుంది? ఆ సంఖ్య మిల్లీసెకన్లా, సిస్టమ్ గడియారం కొట్టే టిక్కులా? ఏదైనా పరికరం పిలవగానే నడుస్తున్న పనిని ఆపి నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి దీన్ని పిలవొచ్చా? మనం ఎదురుచూస్తున్నంతసేపూ, ఆ సెమాఫోర్‌ను పట్టుకుని కూర్చున్న టాస్క్ ప్రయారిటీ ఏమవుతుంది? ఫంక్షన్ డిక్లరేషన్‌ను ఎన్నిసార్లు చదివినా వీటికి జవాబు దొరకదు.

రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల సి ఇంటర్‌ఫేస్‌లో చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ సిస్టమ్‌లలో సరైన జవాబు గడువు దాటి వస్తే అది తప్పు జవాబే. అంటే ప్రతి ఫంక్షన్ ఒప్పందంలోనూ కాలం ఒక భాగం. కానీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషకు కాలం అనే ఊహే లేదు. ఇంటీజర్ వెళ్తుందనీ పాయింటర్ వస్తుందనీ టైపు చెప్పగలదు. ‘ఇది 40 మైక్రోసెకన్లలో తిరిగొస్తుంది’ అనో, ‘ఇది ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు’ అనో చెప్పే చోటు భాషలో లేదు. అందుకని ఆ సమాచారం వేరే చోట్లకు చేరింది: ఫంక్షన్ పేర్లలోకి, డిఫాల్ట్ విలువల్లోకి, మాన్యువల్‌లోని చిన్న గమనికల్లోకి. ఒక రియల్‌టైమ్ ఓఎస్ (ఆర్‌టీఓఎస్) ఇంటర్‌ఫేస్ మంచిదా కాదా అని తూచాలంటే ఫంక్షన్ల సంఖ్య చూడటం దండగ. కాలం గురించిన సమాచారాన్ని కోడ్ రాసేవాళ్ల కంటికి ఎంత దగ్గరగా పెట్టింది అన్నదే చూడాలి.

ఈ సమస్యను పేర్లతోనే పరిష్కరించే ప్రయత్నం చాలా ముందే జరిగింది. జపాన్‌లో కెన్ సకమురా 1984లో ప్రారంభించిన ట్రాన్ ప్రాజెక్టు నుంచి ఐట్రాన్ అనే స్పెసిఫికేషన్ వచ్చింది. దాని చిన్న రూపమైన మైక్రోఐట్రాన్‌లో సెమాఫోర్ కోసం వేచి ఉండటానికి మూడు పిలుపులున్నాయి: దొరికేదాకా ఆగేది వై-సెమ్, అసలు ఆగకుండా చూసి వచ్చేసేది పోల్-సెమ్, ఇంత కాలమే ఆగుతానని చెప్పేది టీవై-సెమ్. సెమాఫోర్‌ను విడిచే పిలుపు సిగ్-సెమ్. అదే పనిని ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి చేయాలంటే ముందు ‘ఐ’ అక్షరం చేరి ఐసిగ్-సెమ్ అవుతుంది. పేర్లు ముక్కలు చేసినట్టుంటాయి, చూడటానికి అందంగా ఏమీ ఉండవు. అయినా కోడ్‌ను సమీక్షించేవాళ్లు మాన్యువల్ తెరవకుండానే ఏ లైను ఆగుతుందో, ఏది ఆగదో వేలుపెట్టి చూపించగలరు. ఈ రంగంలో ఆ సుగుణం విలువ చాలా పెద్దది.

రిచర్డ్ బ్యారీ 2003లో విడుదల చేసిన ఫ్రీఆర్‌టీఓఎస్ కూడా ఇంటరప్ట్ విషయంలో ఇదే బాట పట్టింది. టాస్క్‌ల మధ్య డేటాను అందించే క్యూలో డేటా వేసే ఫంక్షన్ ఒకటైతే, ఇంటరప్ట్‌లోంచి వేయడానికి పేరు చివర ‘ఫ్రమ్‌ఐఎస్ఆర్’ (ఐఎస్ఆర్ అంటే ఇంటరప్ట్ హ్యాండ్లరే) అని ఉన్న జంట ఫంక్షన్ ఇంకొకటి. ఆర్మ్ సంస్థ తెచ్చిన సీఎంఎస్‌ఐఎస్-ఆర్‌టీఓఎస్ రెండో వెర్షన్ వేరే దారి పట్టింది. అక్కడ ఫంక్షన్ ఒక్కటే. తాను ఇంటరప్ట్‌లో ఉందో టాస్క్‌లో ఉందో నడిచేటప్పుడు అదే కనిపెట్టుకుంటుంది. రెండోది రాయడానికి సుఖంగా ఉంటుంది, మొదటిది చదవడానికి సుఖంగా ఉంటుంది. ఎంబెడెడ్ కోడ్‌ను ఒకసారి రాస్తారు, దాన్ని ఏళ్ల తరబడి చదువుతూ ఉండాల్సి వస్తుంది. ఆ లెక్కన మొదటి దారిదే పైచేయి.

ఫ్రమ్‌ఐఎస్ఆర్ ఫంక్షన్‌ను కాస్త దగ్గరగా చూస్తే, ఇంటర్‌ఫేస్‌లోని ఒక చిన్న ఆర్గ్యుమెంట్ ఎంత బరువు మోస్తుందో అర్థమవుతుంది. క్యూలో వేసే మామూలు ఫంక్షన్‌కు చివరి ఆర్గ్యుమెంట్ ఎంతసేపు ఆగాలన్నది. ఇంటరప్ట్‌లో ఆగే ప్రసక్తే లేదు కాబట్టి ఆ స్థానంలో ఒక పాయింటర్ ఉంటుంది. క్యూలో డేటా పడటంతో ఇప్పుడు నడుస్తున్న టాస్క్‌కంటే ఎక్కువ ప్రయారిటీ ఉన్న టాస్క్ నిద్ర లేస్తే, ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్ ఆ పాయింటర్ చూపే చోట నిజం అని రాస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది. హ్యాండ్లర్ ముగిసే ముందు ఆ విలువను ‘యీల్డ్’ మాక్రోకు అందించి, టాస్క్ మార్చమని అడగాల్సిన బాధ్యత కోడ్ రాసినవాళ్లది. ఆ ఒక్క లైను మర్చిపోతే కంపైలర్ ఏమీ అనదు, పరీక్షలో ప్రోగ్రామ్ సవ్యంగానే నడుస్తుంది. కాకపోతే లేవాల్సిన టాస్క్ వెంటనే కాకుండా, సాధారణంగా తర్వాతి టిక్ వచ్చాక గానీ లేవదు. టిక్ సెకనుకు 1000 సార్లు కొట్టే చోట ఈ ఆలస్యం 1 మిల్లీసెకను దాకా, 100 సార్లు కొట్టే చోట 10 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. ఫలితం ఎప్పుడూ సరైనదే, సమయం మాత్రం అప్పుడప్పుడూ తప్పు. పట్టుకోవడానికి ఇంతకంటే కష్టమైన లోపం ఇంకోటి ఉండదు.

ఇదే చోట ఇంకో గుంట ఉంది. ఆర్మ్ కార్టెక్స్-ఎమ్ ప్రాసెసర్లలో ఇంటరప్ట్‌కు ఇచ్చే సంఖ్య ఎంత చిన్నదైతే దాని అత్యవసరం అంత ఎక్కువ. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో టాస్క్‌కు ఇచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే దాని ప్రయారిటీ అంత ఎక్కువ. రెండు వ్యతిరేక కొలమానాలు ఒకే ఫైల్‌లో పక్కపక్కనే కూర్చుంటాయి. పైగా ఒక పరిమితి ఉంది: కాన్ఫిగరేషన్‌లో పెట్టిన గీతకంటే అత్యవసరమైన ఇంటరప్ట్‌ల నుంచి కెర్నల్ ఫంక్షన్లను అసలు పిలవకూడదు, ఎందుకంటే కెర్నల్ తన డేటాను సరిచేసుకునే క్షణాల్లో కూడా వాటిని ఆపదు. రీసెట్ తర్వాత ఆ ప్రాసెసర్‌లో పరికరాల ఇంటరప్ట్‌లన్నిటి ప్రయారిటీ సున్నా, అంటే అత్యంత అత్యవసరం. ప్రయారిటీ పెట్టడం మర్చిపోయిన ఇంటరప్ట్ నేరుగా ఆ నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్లి పడుతుంది. కాన్ఫిగ్-అసర్ట్ అనే తనిఖీని ఆన్ చేసి ఉంచితే కెర్నల్ దీన్ని తనంతట తానే పట్టుకుంటుంది. ఆఫ్ చేసి ఉంటే, ఎప్పుడో ఒకనాడు క్యూ లోపలి లింకులు చెదిరిపోయాక గానీ సంగతి బయటపడదు.

ప్రయారిటీ సంఖ్యల గందరగోళం ఒక్క ఫ్రీఆర్‌టీఓఎస్‌ది కాదు. వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆర్‌టీఓఎస్‌లో 0 అన్నిటికంటే పైన, 255 అన్నిటికంటే కింద. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో పెద్ద సంఖ్య పైన. జెఫిర్ అనే ఆర్‌టీఓఎస్‌లో చిన్న సంఖ్య పైన, అందులోనూ రుణ సంఖ్యలు తమంతట తాము చోటిచ్చేదాకా మరో థ్రెడ్ (టాస్క్‌కే ఇంకో పేరు) వచ్చి పక్కకు నెట్టలేని కోఆపరేటివ్ థ్రెడ్‌లకు కేటాయించినవి. ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు కోడ్ తరలించేటప్పుడు ఈ సంఖ్యలను యథాతథంగా మోసుకెళ్తే అంతా తలకిందులవుతుంది, అదీ ఒక్క హెచ్చరిక కూడా లేకుండా.

ఇక ఆగడం గురించి. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి సెన్సర్ చదవాల్సిన టాస్క్‌ను తీసుకుందాం. కొత్తగా రాసేవాళ్లు సహజంగా రాసేది: చదువు, లెక్క కట్టు, 10 మిల్లీసెకన్లు నిద్రపో, మళ్లీ మొదటికి వెళ్లు. పనికి 2 మిల్లీసెకన్లు పట్టిందంటే ఒక చుట్టు 12 మిల్లీసెకన్లవుతుంది. సెకనుకు 100 సార్లు చదవాల్సింది 83 సార్ల దగ్గర ఆగిపోతుంది. పని సమయం మారినప్పుడల్లా చుట్టు కాలమూ మారుతుంది. లోపం లాజిక్‌లో లేదు, వాడిన ఫంక్షన్ అర్థంలో ఉంది. డిలే అనే ఫంక్షన్ ‘ఇప్పటి నుంచి ఇంతసేపు’ అని లెక్కపెడుతుంది. టాస్క్‌కు కావాల్సింది ‘ఫలానా క్షణం దాకా’ అన్నది. అందుకే ఫ్రీఆర్‌టీఓఎస్‌లో డిలే-అంటిల్ అని వేరే ఫంక్షన్ ఉంది. అది క్రితంసారి లేవాల్సిన క్షణాన్ని గుర్తుపెట్టుకుని, దాని నుంచి 10 మిల్లీసెకన్లు లెక్కిస్తుంది. దాని కొత్త రూపం ఇంకో మేలు కూడా చేస్తుంది: నిద్రపోవాల్సిన క్షణం అప్పటికే దాటిపోయి ఉంటే, తాను అసలు నిద్రపోలేదని తిరిగొచ్చే విలువ ద్వారా చెబుతుంది. అంటే గడువు తప్పిన సంగతి కోడ్‌కు తెలుస్తుంది. ఆ విలువను చూడకుండా వదిలేసే ప్రోగ్రామ్‌లు ఎన్నో ఉన్నాయి. అలా వదిలేయడమంటే చేతికొచ్చిన ఫిర్యాదును చదవకుండా పక్కన పడేయడమే.

పోసిక్స్ దీనికి ఎదురు వైపు నుంచి వచ్చింది. 1993లో వెలువడిన రియల్‌టైమ్ ఎక్స్‌టెన్షన్లు, 1995లో వచ్చిన థ్రెడ్ల ప్రమాణం చాలా ఆర్‌టీఓఎస్‌లకు ఉమ్మడి భాషను ఇచ్చాయి. క్యూఎన్ఎక్స్, ఆర్‌టెమ్స్, నట్ఎక్స్, వీఎక్స్‌వర్క్స్ అన్నీ ఏదో ఒక మేరకు ఆ ఫంక్షన్లను అందిస్తాయి. పోసిక్స్‌లో సెమాఫోర్, మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరికే దొరికే తాళం), కండిషన్ వేరియబుల్ (ఒక షరతు నెరవేరేదాకా ఆగే సాధనం) కోసం గడువుతో ఆగే పాత ఫంక్షన్లు ‘ఇంతసేపు’ అని కాక ‘ఫలానా సమయం దాకా’ అనే తీసుకుంటాయి. ఇది మంచి ఆలోచనే. మధ్యలో సిగ్నల్ వచ్చి నిద్ర చెదిరినా, అదే గడువుతో మళ్లీ పిలిస్తే సరిపోతుంది, మిగిలిన సమయం లెక్క కట్టక్కర్లేదు. కానీ ఆ సమయాన్ని ఏ గడియారం మీద కొలవాలి? గడువుతో సెమాఫోర్ కోసం ఆగే సెమ్-టైమ్డ్-వెయిట్ దాన్ని రియల్‌టైమ్ క్లాక్ మీద కొలుస్తుంది. పేరు చూసి మోసపోవద్దు. ఇది తేదీ, సమయం చూపే గోడ గడియారం లాంటిది, ఎవరైనా సరిదిద్దగలిగేది. నెట్‌వర్క్ నుంచి సరైన సమయం అందగానే సిస్టమ్ గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పిందంటే, 50 మిల్లీసెకన్లు ఆగాల్సిన టాస్క్ ఇంకో గంటసేపు ఆగుతుంది. వెనక్కి తిరగని మోనోటోనిక్ గడియారాన్ని ఎంచుకునే వీలు కండిషన్ వేరియబుల్స్‌కు యాట్రిబ్యూట్ రూపంలో చాలా ఏళ్లుగా ఉంది. సెమాఫోర్లకూ మ్యూటెక్స్‌లకూ గడియారాన్ని చెప్పి ఆగే ఫంక్షన్లు ప్రమాణంలోకి చేరింది మాత్రం 2024 సంచికలోనే. అంతకాలం ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

డిఫాల్ట్‌ల సంగతికొస్తే, ఈ రంగంలో అందరికీ గుర్తుండాల్సిన ఉదాహరణ మార్స్ పాత్‌ఫైండర్. నాసా పంపిన ఆ నౌక 1997 జులై 4న అంగారకుడి మీద దిగింది. వాతావరణ సమాచారం సేకరించడం మొదలైన కొన్నాళ్లకే దాని కంప్యూటర్ తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. సేకరించిన డేటా పోలేదు గానీ, రీసెట్ అయిన ప్రతిసారీ ఆ రోజు చేయాల్సిన మిగతా పనులు మర్నాటికి వాయిదా పడేవి. నడుస్తున్నది వీఎక్స్‌వర్క్స్. సెకనుకు 8 సార్లు తిరిగే డేటా బస్ చక్రాన్ని రెండు పెద్ద ప్రయారిటీ టాస్క్‌లు నడిపేవి. ఒకటి డేటాను పంచిపెడుతుంది. రెండోది తర్వాతి చక్రాన్ని సిద్ధం చేస్తూ, మొదటిది తన పని ముగించిందా లేదా అని చూస్తుంది. ముగించకపోతే సిస్టమ్‌ను రీసెట్ చేస్తుంది. వాతావరణ టాస్క్ ప్రయారిటీ చాలా తక్కువ.

కథ మలుపు తిరిగింది, ఎక్కడైనా డేటా వచ్చిందా అని ఎదురుచూసే సెలెక్ట్ అనే ఫంక్షన్ దగ్గర. వాతావరణ టాస్క్ సెలెక్ట్‌ను పిలిచింది. ఆ ఫంక్షన్ లోపల, పైకి కనిపించని ఒక మ్యూటెక్స్ ఉంది. దాన్ని తీసుకుని ఇంకా వదలకముందే మధ్యస్థ ప్రయారిటీ టాస్క్‌లు వచ్చి ప్రాసెసర్‌ను లాక్కున్నాయి. అంతలో డేటా పంచే టాస్క్ లేచి, టాస్క్‌ల మధ్య డేటా మోసే పైప్‌లోకి రాయబోయింది. ఆ రాతకూ అదే మ్యూటెక్స్ కావాలి. పై టాస్క్ కింది టాస్క్ కోసం ఆగింది. కింది టాస్క్‌ను మధ్య టాస్క్‌లు కదలనివ్వలేదు. చక్రం గడువు దాటింది, రీసెట్ జరిగింది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు. మందు అప్పటికే తెలుసు. మ్యూటెక్స్‌ను పట్టుకున్న టాస్క్, దానికోసం ఎదురుచూసే పెద్ద టాస్క్ ప్రయారిటీని అప్పు తెచ్చుకుని త్వరగా పని ముగించే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ పద్ధతి మీద లూయీ షా, రాగునాథన్ రాజ్‌కుమార్, జాన్ లెహోజ్కీల ప్రసిద్ధ పత్రం 1990లోనే వచ్చింది. వీఎక్స్‌వర్క్స్‌లో అది మ్యూటెక్స్ సృష్టించేటప్పుడు ఇచ్చే ఒక ఆప్షన్. సెలెక్ట్ లోపలి మ్యూటెక్స్‌కు ఆ ఆప్షన్ ఆఫ్‌లో ఉంది. భూమి మీది నమూనాలో ట్రేస్ పెట్టి లోపాన్ని మళ్లీ పుట్టించి, ప్యాచ్ పంపి ఆ ఆప్షన్‌ను ఆన్ చేశాక రీసెట్లు ఆగాయి.

ఈ ఘటనను ఎక్కువగా షెడ్యూలింగ్ పాఠంగా చెబుతుంటారు. నిజానికి ఇది ఇంటర్‌ఫేస్ పాఠం కూడా. వాతావరణ టాస్క్ కోడ్‌లో మ్యూటెక్స్ అనే మాటే లేదు. సెలెక్ట్ డిక్లరేషన్‌లోనూ లేదు. ఒక లైబ్రరీ ఫంక్షన్ తన కడుపులో దాచుకున్న తాళం, ఆ తాళానికున్న డిఫాల్ట్, రెండూ కలిసి సిస్టమ్ మొత్తం గడువును శాసించాయి. లియు, లేలాండ్‌ల 1973 నాటి సిద్ధాంతం టాస్క్‌లు ఒకదానికోసం ఒకటి ఆగవనే ఊహ మీద నిలబడింది. ఆ ఊహతోనే, టాస్క్‌లు ఎన్ని ఉన్నా ప్రాసెసర్ వాడకం దాదాపు 69 శాతం దాటకపోతే, తక్కువ వ్యవధిలో తిరిగేదానికి ఎక్కువ ప్రయారిటీ ఇచ్చే పద్ధతిలో అన్ని గడువులూ నిలుస్తాయని రుజువు చేసింది. లోపల తాళం దాచుకున్న ప్రతి ఫంక్షన్ ఆ ఊహను చెప్పాపెట్టకుండా చెరిపేస్తుంది.

ఆ డిఫాల్ట్ సమస్య ఇంకా పోలేదు. పోసిక్స్ మ్యూటెక్స్‌కు ప్రోటోకాల్ అనే యాట్రిబ్యూట్ ఉంది. దాని డిఫాల్ట్ ఇప్పటికీ ‘ఏమీ వద్దు’ అన్నదే. ఇన్‌హెరిటెన్స్ కావాలంటే నోరు తెరిచి అడగాలి. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో చిక్కు మరో రూపంలో ఉంది. మ్యూటెక్స్‌గా సృష్టిస్తే ఇన్‌హెరిటెన్స్ వస్తుంది, బైనరీ సెమాఫోర్‌గా సృష్టిస్తే రాదు. రెండింటికీ హ్యాండిల్ టైపు ఒకటే, తీసుకునే పిలుపూ ఇచ్చే పిలుపూ ఒకటే. వాడే చోట నిలబడి చూస్తే చేతిలో ఉన్నది ఏదో తెలియదు. సృష్టించిన ఫైల్ వెతికి పట్టుకుంటే తప్ప సమీక్ష పూర్తవదు. లినక్స్ థ్రెడ్లలో ఇలాంటిదే మరొకటి: కొత్త థ్రెడ్‌కు ఫలానా ప్రయారిటీ కావాలని యాట్రిబ్యూట్‌లో రాసినా, షెడ్యూలింగ్‌ను తల్లి థ్రెడ్ నుంచి వారసత్వంగా తీసుకోవడమే డిఫాల్ట్ కాబట్టి ఆ రాతను పట్టించుకోదు. ‘నేను రాసిందే వాడు’ అని ఇంకో యాట్రిబ్యూట్‌తో వేరుగా చెప్పాలి. ఎర్రర్ కోడ్ ఏదీ తిరిగి రాదు. ప్రయారిటీ మాత్రం ఉండదు.

మెమరీ విషయంలో కాలం ఇంకా లోతుగా దాక్కుంటుంది. అడిగినప్పుడు మెమరీ తెచ్చిచ్చే సి ఫంక్షన్ మాలక్ ఎంతసేపు వెతుకుతుందో ముందుగా చెప్పలేం, రోజులు గడిచేకొద్దీ అది మెమరీ తీసే హీప్ ముక్కలు ముక్కలవుతుంది. అందుకే భద్రత కీలకమైన కోడ్ కోసం రాసిన మిస్రా సి మార్గదర్శకాలు దాని వాడకాన్ని నిషేధిస్తాయి. 2016లో వచ్చిన ఫ్రీఆర్‌టీఓఎస్ 9వ వెర్షన్ టాస్క్‌లనూ క్యూలనూ ముందే కేటాయించిన మెమరీలో సృష్టించే వీలు కల్పించింది. టాస్క్‌కు కావాల్సిన స్టాక్ పరిమాణం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అసలు ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఆ ఆర్గ్యుమెంట్ కొలత బైట్లలో ఉండదు, స్టాక్ వర్డ్‌లలో ఉంటుంది. 32 బిట్ల ప్రాసెసర్‌లో 512 అని రాస్తే 2048 బైట్లు. అదే కెర్నల్‌ను ఈఎస్‌పీ32 చిప్‌ల కోసం ఎస్ప్రెసిఫ్ మార్చుకున్న రూపంలో ఆ సంఖ్య బైట్లు. ఒక చోట పని చేసిన 512 ఇంకో చోట నాలుగో వంతుకు పడిపోతుంది. ఫంక్షన్ పేరూ అదే, ఆర్గ్యుమెంట్ల వరుసా అదే.

క్యూలు డేటాను నకలు చేసి దాచుకుంటాయి. పంపినవాళ్లు తమ వేరియబుల్‌ను వెంటనే మార్చుకోవచ్చు కాబట్టి ఇది చాలా భద్రమైన ఏర్పాటు. అయితే ఫ్రీఆర్‌టీఓఎస్ ఈ నకలును క్రిటికల్ సెక్షన్ లోపలే చేస్తుంది, అంటే ఆ కాసేపు చాలావరకు ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి. 4 బైట్ల అంశమైతే ఎవరికీ పట్టదు. 400 బైట్ల స్ట్రక్చర్ పంపితే, ఆ టాస్క్‌తో ఏ సంబంధమూ లేని ఇంటరప్ట్ కూడా అంతసేపు వాకిట్లో నిలబడాలి. క్యూను సృష్టించిన రోజు ఇచ్చిన సైజు, సిస్టమ్ మొత్తానికి ఇంటరప్ట్ ఆలస్యంగా మారుతుంది.

పోర్టబిలిటీ కోసం మధ్యలో పొరలు వేసే అలవాటు ఎక్కువగానే ఉంది. ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. పేర్లను ఏకం చేసే పొర, ప్రవర్తనను ఏకం చేయదు. ఒక కెర్నల్‌లో ఆగే పిలుపు ఇంకో కెర్నల్‌లో విఫలమవచ్చు. ఒకే పోసిక్స్‌లోనే థ్రెడ్ల కోసం ఉన్న పీథ్రెడ్ ఫంక్షన్లు ఎర్రర్ సంఖ్యను నేరుగా తిరిగిస్తే, సెమాఫోర్ ఫంక్షన్లు -1 ఇచ్చి అసలు కారణాన్ని ఎర్ర్‌నో అనే వేరియబుల్‌లో పెడతాయి. రెంటినీ ఒకే ధోరణిలో పరీక్షించిన కోడ్‌లో సగం తప్పులు ఎవరి కంటా పడవు. పొర రాసేవాళ్లు ఫంక్షన్లతోపాటు గడువులు, ప్రోటోకాళ్లు, ఇంటరప్ట్ నియమాలు కూడా ఏకం చేయగలిగితేనే అది పొర అవుతుంది. లేకపోతే పేర్లు మార్చే మాక్రోల మూట.

ఇన్ని చిక్కుల మధ్య సి భాష పరిధిలోనే ఎంత చేయొచ్చో చూపించిన మార్పు ఒకటి జెఫిర్‌లో జరిగింది. లినక్స్ ఫౌండేషన్ 2016లో మొదలుపెట్టిన ఈ సిస్టమ్‌లో ఆగే ప్రతి ఫంక్షన్ తొలుత మిల్లీసెకన్లను మామూలు ఇంటీజర్‌గా తీసుకునేది. 2020లో వచ్చిన 2.3 వెర్షన్‌లో ఆ ఇంటీజర్‌ను తీసేసి, దాని స్థానంలో టైమౌట్ కోసమే ఒక స్ట్రక్చర్ టైపు పెట్టారు. ఇప్పుడు సెమాఫోర్ తీసుకునే పిలుపులో ఊరికే 100 అని రాస్తే కంపైల్ కాదు. మిల్లీసెకన్లు అని మాక్రోతో చెప్పాలి, లేదా టిక్కులు అని చెప్పాలి, లేదా ‘అసలు ఆగను’, ‘ఎప్పటిదాకా అయినా ఆగుతాను’ అన్న రెండు స్థిరాంకాల్లో ఒకటి ఎంచుకోవాలి. పాత కోడ్ ఎంతో విరిగింది, సరిచేయడానికి శ్రమ పట్టింది. కానీ విరిగిన ప్రతి చోటా ఎవరో ఒకరు ఆ లైను ముందు కూర్చుని, ఇక్కడ ఎంతసేపు ఆగాలన్న ప్రశ్నకు జవాబు రాయాల్సి వచ్చింది. దీనికోసం సి భాషకు కొత్తగా చేర్చింది ఏమీ లేదు. ఒక ఇంటీజర్‌ను స్ట్రక్చర్‌లో చుట్టారు, అంతే.